క్లాష్ రాయల్‌లో ఎవరొచ్చినా తట్టుకునే డెక్ ఎట్ల కట్టాలి

క్లాష్ రాయల్ అంటే ఎనిమిది కార్డుల డెక్‌తో ఇద్దరు ఎదురెదురుగా ఒకరి టవర్లు ఒకరు కూల్చుకునే మొబైల్ ఆట. దాని మీద తిరుపతి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి ప్రశ్న, క్లుప్తంగా: "నా డెక్‌లో మెగా నైట్, పెక్కా, ప్రిన్స్, విచ్, విజార్డ్, మినియన్ హోర్డ్, హాగ్ రైడర్, యారోస్ ఉన్నాయి. అన్నీ గట్టి కార్డులే, అయినా వరసబెట్టి ఓడిపోతున్నా. హాస్టల్లో చిన్న టోర్నీ పెడుతున్నారు. డబ్బులు పెట్టకుండా, ఎదురుగా ఏ డెక్ ఉన్నా ఆడగలిగే ఒక్క డెక్ చెప్పండన్నా."

సామీ, ముందు నీ డెక్ ఖరీదు, అంటే ఒక్కో కార్డు వేయడానికి పట్టే ఎలిక్సిర్ అనే శక్తి, కూడుదాం. మెగా నైట్ 7, పెక్కా 7, ప్రిన్స్ 5, విచ్ 5, విజార్డ్ 5, మినియన్ హోర్డ్ 5, హాగ్ 4, యారోస్ 3. మొత్తం 41. ఎనిమిదితో భాగిస్తే సగటు 5.1. నీ ఓటమికి కారణం దాదాపు అంతా ఈ ఒక్క అంకెలోనే ఉంది.

ఎలిక్సిర్ మామూలు వేగంలో 2.8 సెకన్లకు ఒకటి చొప్పున నిండుతుంది. మ్యాచ్ మూడు నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలు ఈ మామూలు వేగమే, చివరి నిమిషం రెట్టింపు. అంటే మొదటి రెండు నిమిషాల్లో నీకు వచ్చేది సుమారు 43 ఎలిక్సిర్. సగటు 5.1 ఉన్న డెక్‌తో ఆ సమయంలో ఎనిమిది కార్డులు వేయగలవు. సగటు 2.9 ఉన్నవాడు పద్నాలుగు, పదిహేను వేస్తాడు. వాడు రెండుసార్లు వచ్చేలోపు నువ్వు ఒక్కసారి బదులు చెప్తున్నావు.

నీ డెక్‌లో జవాబులు లేవనుకోవద్దు. గాల్లో వచ్చేవాటికి విజార్డ్, విచ్, మినియన్ హోర్డ్, యారోస్ ఉన్నాయి. నేల మీద గుంపులకు మెగా నైట్ ఉన్నాడు. కాగితం మీద చూస్తే అన్నింటికీ ఏదో ఒకటి ఉంది. కానీ అవసరమైనప్పుడు దాన్ని వేయడానికి ఎలిక్సిర్ ఉండదు, లేదా ఆ కార్డు చేతిలో ఉండదు. 7 పెట్టి పెక్కాను దించుతావు, అవతలివాడు 3 పెట్టి స్కెలిటన్ ఆర్మీని దాని చుట్టూ పోస్తాడు. అప్పుడు యారోస్ చేతిలో ఉంటే బతికావు, వరసలో వెనకుంటే 7 పోయినట్టే. విజార్డ్‌ను, విచ్‌ను పక్కపక్కన నడిపిస్తావు, వాడు ఫైర్‌బాల్, వెంటనే లాగ్ వేస్తాడు. వాడికి ఖర్చు 6, నీకు నష్టం 10.

ఇప్పుడు చేతి లెక్క. ఎనిమిది కార్డుల్లో నాలుగే చేతిలో ఉంటాయి. మొదటి చేతికి 70 రకాల కలయికలు సాధ్యం. ఒక ముప్పుకి నీ దగ్గర ఒక్కటే జవాబు ఉంటే, అది మొదటి చేతిలో ఉండే అవకాశం సరిగ్గా సగం. రెండు జవాబులుంటే రెండూ లేకుండా చేయి పడేది 70లో 15 సార్లు, అంటే 21 శాతం. మూడుంటే 70లో 5, అంటే 7 శాతం. అందుకే "బెలూన్‌కి నా దగ్గర మస్కెటీర్ ఉందిలే" అని ఊరుకోకూడదు. పెద్ద ముప్పు ప్రతిదానికీ కనీసం రెండు, వీలైతే మూడు జవాబులు ఉండాలి. ఎనిమిది కార్డులతో అది కుదరాలంటే ప్రతి కార్డూ రెండు మూడు పనులు చేయాలి. ఒక్క పని మాత్రమే చేసే ఖరీదైన కార్డుకి ఇట్లాంటి డెక్‌లో చోటు లేదు. నీ ప్రిన్స్ సరిగ్గా అట్లాంటివాడే.

కార్డు తిరిగొచ్చే తీరు కూడా మనసులో పెట్టుకో. వేసిన కార్డు వరసలో చివరికి పోతుంది. ఇంకో నాలుగు కార్డులు వేస్తే మళ్లీ చేతికొస్తుంది. నీ డెక్‌లో హాగ్ కాకుండా అన్నిటికన్నా చవకైన నాలుగు కార్డులు కూడితే 3, 5, 5, 5, మొత్తం 18. హాగ్ వేశాక అది మళ్లీ చేతికి రావడానికి 18 ఎలిక్సిర్, అంటే 50 సెకన్లు. వేయడానికి ఇంకో 4. నిమిషానికో హాగ్ కూడా సరిగ్గా పడదు.

నేను చెప్పే డెక్ ఇది: హాగ్ రైడర్ 4, మస్కెటీర్ 4, వాల్కిరీ 4, కెనాన్ 3, ఫైర్‌బాల్ 4, లాగ్ 2, ఐస్ స్పిరిట్ 1, స్కెలిటన్స్ 1. మొత్తం 23, సగటు 2.9. హాగ్ కాకుండా చవకైన నాలుగు 1, 1, 2, 3, కలిపి 7. అంటే హాగ్ వేసిన 20 సెకన్లకు మళ్లీ చేతిలో ఉంటుంది, 31 సెకన్లకు మళ్లీ మైదానం మధ్య నది మీది వంతెన దాటుతుంది. పాత డెక్‌లో నీకు మిగిలేది హాగ్ ఒక్కడే. తక్కిన ఏడింటికీ దండం పెట్టు.

ఇది నా సొంత కనిపెట్టుడేమీ కాదు. వాల్కిరీ బదులు ఐస్ గోలెమ్ పెడితే మొత్తం 21 అయి, ఏళ్ల తరబడి అందరూ ఆడుతున్న 2.6 హాగ్ సైకిల్ (సగటు 2.6తో హాగ్‌ని పదేపదే తిప్పే డెక్) వస్తుంది. కార్డుల బలాలను సర్దే బ్యాలెన్స్ మార్పులు ఎన్ని వచ్చినా ఈ చట్రం చెక్కుచెదరలేదు. కానీ 2.6 డెక్‌లో చేయి కొంచెం తడబడితే టవర్ పోతుంది, ప్రతి స్కెలిటన్‌నూ సరిగ్గా గడి చూసి పెట్టాలి. టోర్నీకి నెల కూడా లేనివాడికి వాల్కిరీ లాంటి ఒళ్లున్న కార్డు ఒకటి ఉండటం మేలు.

ఇంకో లాభం ఉంది. ఇందులో లాగ్ ఒక్కటే లెజెండరీ, అంటే చాలా అరుదుగా దొరికే రకం. స్కెలిటన్స్, ఐస్ స్పిరిట్, కెనాన్ కామన్, మిగతా నాలుగూ రేర్. క్లాన్‌లో (ఆటలోని నీ జట్టులో) అడిగి తెచ్చుకోవచ్చు, లెవెల్ పెంచడం తేలిక. నీ పాత డెక్‌లో ఒక లెజెండరీ, దాని తర్వాత అరుదైన ఎపిక్‌లు మూడు ఉన్నాయి. డబ్బు పెట్టనివాడు వాటిని పెంచుకుంటూ పోతే కాలేజీ అయిపోతుంది. లాగ్ ఇంకా దొరకలేదా, నీ దగ్గరున్న యారోస్‌నే ఉంచు, సగటు 3.0 అవుతుంది, పరవాలేదు. లాగ్ లేదని జాప్ పెట్టొద్దు. సమాన లెవెల్ జాప్‌కి గోబ్లిన్స్ చావవు, కొద్దిగా ప్రాణంతో మిగిలి టవర్‌ని పొడుస్తాయి. సమాన లెవెల్ లాగ్ వాటిని తుడిచేస్తుంది.

ఇంక ఒక్కో కార్డు దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది కెనాన్ దగ్గర, అందుకని దాని గురించే ఎక్కువ చెప్తాను.

కెనాన్‌ను టవర్ పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. దాని చోటు మైదానం మధ్యలో, నీ రెండు ప్రిన్సెస్ టవర్ల (ముందుండే చిన్న టవర్ల) నడుమ, నది ఒడ్డు నుంచి నాలుగు గడులు వెనక్కి. అక్కడుంటే వంతెన దాటిన హాగ్, జెయింట్, గోలెమ్, రాయల్ జెయింట్ లాంటి బిల్డింగ్‌లనే కొట్టే ట్రూప్‌లు నేరుగా టవర్‌కి పోకుండా మధ్యకి తిరుగుతాయి. అట్లా తిరిగినంత సేపూ రెండు టవర్లూ కొడుతుంటాయి. ఇంకా ముందుకు పెడితే అవతలి మస్కెటీర్ నీ టవర్లకు అందకుండా నది అవతలే నిలబడి దాన్ని కూల్చేస్తుంది. వెనక్కి పెడితే హాగ్‌కి నీ టవరే దగ్గరవుతుంది, అటే పోతుంది. ఒక లైన్‌కి బాగా జరిపి పెడితే ఒక టవరే కొడుతుంది.

సమయం కూడా అంతే ముఖ్యం. హాగ్ ఒకసారి టవర్‌ని పట్టుకుని సుత్తి ఎత్తాక, పక్కన కెనాన్ పెట్టినా వాడు తిరగడు. వాడు వంతెన మీదికి వచ్చేలోపే కెనాన్ నేల మీద ఉండాలి. అలాగని అవతలివాడు హాగ్ వేయకముందే పెట్టి కూర్చోవద్దు. కెనాన్ ఆయుష్షు 30 సెకన్లు, ఎవరూ కొట్టకపోయినా కరిగిపోతుంటుంది. అవతలివాడి చేతిలో హాగ్ ఉందని లెక్క తెలిసినప్పుడు, వాడి ఎలిక్సిర్ నిండుతున్నప్పుడు వేలు సిద్ధంగా ఉంచుకో. సరిగ్గా పడితే 3 పెట్టి 4ని ఆపావు, ఒకటి లాభం. ఈ ఒకటొకటే కూడి చివరి నిమిషంలో టవర్ అవుతుంది. కెనాన్ గాల్లో వచ్చేవాటిని కాల్చలేదు, కానీ బెలూన్‌ని మధ్యకి లాగుతుంది. ఆ కాస్త సమయంలో మస్కెటీర్ దాన్ని కాలుస్తుంది. ఒక కార్డు రెండు పనులు అన్నది ఇట్లాంటి వాటి గురించే.

స్కెలిటన్స్ ఒక్క ఎలిక్సిర్‌కి మూడు ఎముకల బొమ్మలే, కానీ ఈ డెక్‌లో ఎక్కువసార్లు వేసేది వాటినే. మినీ పెక్కా, పెక్కా, ప్రిన్స్ లాంటి ఒక్కొక్కరినే కొట్టేవాళ్లు నీ వైపు దిగగానే, నేరుగా వాళ్ల నెత్తిన కాకుండా, వాళ్లు నడిచే దారికి కొంచెం పక్కన, మైదానం మధ్య వైపు వేయి. వాళ్లు మధ్యకి తిరుగుతారు, ఒక్కో దెబ్బకి ఒక్కో స్కెలిటన్‌ని కొట్టేలోపు రెండు టవర్లూ వాళ్లను కాలుస్తాయి. పెక్కా మరీ నెమ్మది. రెండోసారి ఐస్ స్పిరిట్ అటు విసిరితే ఇంకో సెకను ఆగుతుంది. వాల్కిరీ, బౌలర్, మెగా నైట్ లాంటి గుంపుని కొట్టేవాళ్ల ముందు మాత్రం స్కెలిటన్స్ వేయొద్దు, ఒక్క దెబ్బకి మూడూ పోతాయి.

ఐస్ స్పిరిట్ దూకి అంటుకున్నదాన్ని, చుట్టూ ఉన్నవాటిని సుమారు ఒక సెకను గడ్డకట్టిస్తుంది. గాల్లో వాటికీ తగులుతుంది. హాగ్ వెనక వేస్తే టవర్ ఒక సెకను ఆగి, హాగ్‌కి ఒక దెబ్బ ఎక్కువ దొరుకుతుంది.

వాల్కిరీ చుట్టూ 360 డిగ్రీలు కొడుతుంది. విచ్, విజార్డ్, స్కెలిటన్ ఆర్మీ, గోబ్లిన్ గ్యాంగ్, బార్బేరియన్స్, ఎవరు గుంపుగా వచ్చినా వాళ్ల నడి మధ్యలో దించు. డిఫెన్స్‌లో బతికిన వాల్కిరీ వంతెన వైపు నడుస్తుంటే దాని వెనక హాగ్ వేయి. దెబ్బలన్నీ ఆమె తింటుంది, అదే నీ ఎదురుదాడి. కొత్తవాళ్లు చేసేదేమంటే డిఫెన్స్ అయిపోయాక, బతికి ఉన్న ట్రూప్‌లను వాటి మానాన వదిలేసి, వేరే లైన్‌లో కొత్త పుష్ (దాడి) మొదలుపెడతారు. కట్టిన డబ్బు వదిలేసుకున్నట్టే.

మస్కెటీర్ ఆరు గడుల దూరం కొడుతుంది, గాల్లోవీ నేల మీదవీ. కాబట్టి ముందు నిలబెట్టే పని లేదు. మస్కెటీర్‌ని టవర్‌కి ఆనుకుని పెట్టొద్దు. ఫైర్‌బాల్ వ్యాసార్ధం 2.5 గడులు, టవర్‌తో పాటు ఆమెనూ కలిపి కొడతాడు అవతలివాడు. టవర్ నుంచి నాలుగు గడులైనా ఎడంగా ఉంచు. వాడి ఫైర్‌బాల్ ఆమె కోసమే ఖర్చయితే మంచిదే. సమాన లెవెల్‌లో ఒక్క ఫైర్‌బాల్‌కి మస్కెటీర్ కొద్ది ప్రాణంతో బతుకుతుంది, దాని పైన లాగో జాపో పడాలి. వాడి ఫైర్‌బాల్ నీ మస్కెటీర్ కంటే ఒక లెవెల్ ఎక్కువ ఉంటే ఒక్కదానికే పోతుంది. లెవెల్‌కి సుమారు 10 శాతం బలం పెరుగుతుంది, ఇట్లాంటి అంచు లెక్కలు ఆ పది శాతంలోనే తారుమారవుతాయి. అందుకే అన్ని కార్డులూ సమానంగా పెంచడం కంటే ముందు ఫైర్‌బాల్, హాగ్, మస్కెటీర్ పెంచు. స్కెలిటన్స్ ఆఖర్న పెంచినా పనిచేస్తాయి, దారి మళ్లించడానికి లెవెల్ అక్కర్లేదు.

నీ ఫైర్‌బాల్‌ని తొందరపడి వాడొద్దు. అవతలివాడి డెక్‌లో మినియన్ హోర్డ్, విజార్డ్, ఎలిక్సిర్ కలెక్టర్ లాంటివి ఏమున్నాయో కనబడేదాకా పట్టుకో. నాలుగు ఎలిక్సిర్‌కి తగిన సరుకు దాని కింద పడాలి, లేదంటే మూడు ఎలిక్సిర్ సరుకుతో పాటు టవర్‌కి కూడా తగలాలి. టవర్ మీద స్పెల్ (ఫైర్‌బాల్, లాగ్ లాంటి మంత్రం కార్డు) దెబ్బ చాలా తగ్గిపోతుంది. కార్డు వివరాల్లో క్రౌన్ టవర్ డ్యామేజ్ అని విడిగా ఒక అంకె ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకో. చివరి నిమిషంలో వాడి టవర్ ప్రాణం ఆ అంకెకి రెండింతలకు దిగిందంటే, ఇంక హాగ్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకుండా డిఫెన్స్ చేస్తూ రెండు ఫైర్‌బాల్‌లు వేస్తే చాలు.

లాగ్ నేల మీద మాత్రమే దొర్లుతుంది. గోబ్లిన్ బ్యారెల్, ప్రిన్సెస్, గోబ్లిన్ గ్యాంగ్, స్కెలిటన్ ఆర్మీ, డార్ట్ గోబ్లిన్, ఇవన్నీ దాని పనే. 2 పెట్టి 3ని తీసేయడం ఇక్కడ రోజూ దొరికే లాభం. అవతలివాడు హాగ్‌ని స్కెలిటన్ ఆర్మీతో ఆపుతాడని ఒకసారి చూశావంటే, రెండోసారి హాగ్ నది దాటగానే లాగ్ ముందే వదిలేయి. అవి నేల మీద పడేసరికి లాగ్ వాటి మీద ఉంటుంది. తప్పితే రెండు పోతాయి, తగిలితే టవర్ మీద మూడు నాలుగు సుత్తి దెబ్బలు.

ఇప్పుడు ఈ డెక్‌ని ముప్పుల వారీగా తడిమి చూడు. ఒంటరి భారీ ట్యాంక్ (దెబ్బలు బాగా తట్టుకునే పెద్ద కార్డు) వస్తే కెనాన్, స్కెలిటన్స్, మస్కెటీర్. హాగ్, బ్యాటిల్ ర్యామ్ లాంటి పరుగు కార్డులకు కెనాన్, వాల్కిరీ, స్కెలిటన్స్. నేల మీద గుంపులకు వాల్కిరీ, లాగ్, ఫైర్‌బాల్. గాలి గుంపులకు ఫైర్‌బాల్, మస్కెటీర్, ఐస్ స్పిరిట్. టవర్ మీదే నేరుగా దిగే గోబ్లిన్ బ్యారెల్, గ్రేవ్‌యార్డ్‌లకు లాగ్, వాల్కిరీ. ఎక్కడా రెండుకి తగ్గలేదు. ఏ డెక్ కట్టినా, ఎవరు ఇచ్చినా, ఇదే పరీక్ష పెట్టు.

బలహీనత ఎక్కడో కూడా చెప్పాలి. గాల్లో బరువైన దాడి, ముఖ్యంగా లావా హౌండ్, బెలూన్ కలిసి వస్తే ఈ డెక్‌కి ఊపిరాడదు. నిలబడి కాల్చేది మస్కెటీర్ ఒక్కతే. నీ హాస్టల్లో అట్లా ఆడేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలిస్తే, కెనాన్ తీసేసి టెస్లా పెట్టు. ఖరీదు 4, గాల్లోవాటినీ కాలుస్తుంది, సగటు 3.0 అవుతుంది. అవతల అందరూ కెనాన్, టెస్లా, ఇన్ఫెర్నో టవర్ పెట్టి హాగ్‌ని ఆపుతుంటే ఫైర్‌బాల్ బదులు ఎర్త్‌క్వేక్ చూడొచ్చు, 3 ఎలిక్సిర్, బిల్డింగ్‌లను పీకేస్తుంది. కానీ అది గాల్లో వాటిని తాకదు, గాలికి జవాబులు మూడు నుంచి రెండుకి పడిపోతాయి. రెండు మార్పులూ కలిపి చేయొద్దు.

మరి గెలుపెక్కడి నుంచి వస్తుంది? అవతలివాడి వరసను లెక్కపెట్టడం నుంచి. వాడికీ ఎనిమిదే కార్డులు, వాడి కార్డు కూడా నాలుగు వేస్తేగానీ తిరిగి రాదు. మొదటి హాగ్‌ని వాడు కెనాన్‌తో ఆపాడనుకో. అక్కడి నుంచి వాడు వేసే కార్డులు మనసులో లెక్కించు: ఒకటి, రెండు, మూడు. నాలుగోది పడేలోపు నీ హాగ్ వంతెన మీద ఉంటే వాడి చేతిలో కెనాన్ లేదు. నీకు తిరగడానికి 7 ఎలిక్సిర్ చాలు. వాడిది 3.8, 4.0 సగటు డెక్ అయితే నాలుగు చవక కార్డులకు పది పదకొండు కావాలి, 28 నుంచి 31 సెకన్లు. నీకు 20. ఆ పది సెకన్ల తేడాలో పడే హాగే టవర్‌ని తీస్తుంది. ఎనిమిది కార్డులూ ఒకేసారి లెక్కపెట్టడం కొత్తలో కష్టం. వాడి బిల్డింగ్ ఒక్కటి, వాడి చిన్న స్పెల్ ఒక్కటి లెక్కపెట్టు, చాలు.

హాగ్‌ని ఒంటరిగా వదలడం పులుసు లేని సంగటి లాంటిది, కడుపు నిండొచ్చు గానీ రుచి ఉండదు. కనీసం ఐస్ స్పిరిట్‌నైనా తోడు పంపు. అయినా ఒక్క సందర్భంలో ఒంటరి హాగే సరైన ఆట: అవతలివాడు గోలెమ్ లాంటి 8 ఎలిక్సిర్ కార్డుని కింగ్ టవర్ (వెనకుండే పెద్ద టవర్) వెనక పెట్టిన మరుక్షణం, రెండో లైన్‌లో హాగ్ దించు. వాడి దగ్గర రెండుకి మించి ఉండదు. గోలెమ్ నడిచొచ్చేసరికి నీ కెనాన్‌కి కావలసిన ఎలిక్సిర్ ఎట్లాగూ నిండుతుంది.

మొదటి చేయి బరువుగా పడితే, అంటే హాగ్, ఫైర్‌బాల్, మస్కెటీర్, వాల్కిరీ నాలుగూ ఒకేసారి వస్తే, కంగారు పడి హాగ్ వేయొద్దు. మస్కెటీర్‌ని కింగ్ టవర్ వెనక మూలలో పెట్టు. ఆమె వంతెన దాకా నడిచేలోపు ఖర్చయిన ఎలిక్సిర్ తిరిగొస్తుంది. తేలిక చేయి వస్తే స్కెలిటన్స్ వెనక వదిలి చూడు, వాడు ఏం వేస్తాడో తెలుస్తుంది. ఏదీ వేయకుండా 10 నిండి కూర్చోవడం మాత్రం నేరం. నిండాక ప్రతి 2.8 సెకన్లకూ ఒకటి నేలపాలు. పద్నాలుగు సెకన్లు ఆలోచిస్తే 5 పోయింది, అంటే ఒక మస్కెటీర్, ఒక ఐస్ స్పిరిట్.

సిగ్నల్ సంగతి. ఈ డెక్ సెకన్ల మీద నడుస్తుంది. హాస్టల్ వైఫైలో రాత్రి తొమ్మిది తర్వాత అందరూ వీడియోలు చూస్తుంటే కెనాన్ ఒక సెకను ఆలస్యంగా పడుతుంది, ఆ సెకనులో హాగ్ టవర్ దగ్గరుంటాడు. మొబైల్ డేటా మీద ఆడు. కొండకెక్కే బస్సులో, ఘాట్ మలుపుల్లో ర్యాంక్ మ్యాచ్ మొదలుపెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది, ట్రోఫీలు స్వామికి హుండీలో వేసినట్టే. ఎండాకాలం మధ్యాహ్నం ఫోన్ వేడెక్కి ఆట తడబడటం కూడా తిరుపతిలో మామూలే. కవర్ తీసి, ఛార్జింగ్ పీకేసి ఆడు.

నెట్ ఎప్పుడూ నమ్మకం లేదంటే ఈ డెక్ వదిలేసి జెయింట్ డెక్‌కి మారు: జెయింట్ 5, మస్కెటీర్ 4, మినీ పెక్కా 4, మెగా మినియన్ 3, బ్యాట్స్ 2, స్కెలిటన్స్ 1, ఫైర్‌బాల్ 4, జాప్ 2. మొత్తం 25, సగటు 3.1. లెజెండరీ, ఎపిక్ ఒక్కటీ లేవు. జెయింట్‌ని వెనక నుంచి నడిపించి, వెనక మస్కెటీర్, మెగా మినియన్ పెట్టడమే పని, ఒక సెకను అటూ ఇటూ అయినా కొంప మునగదు. ఇందులో జాప్ ఎందుకంటే, జెయింట్‌ని కాల్చే ఇన్ఫెర్నో టవర్ మంటను అది మళ్లీ మొదటికి తెస్తుంది, ఆ పని లాగ్ చేయలేదు.

డెక్ కట్టాక దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది. చాలామంది ఓడిపోయిన వెంటనే కోపంతో మూడు కార్డులు మార్చేస్తారు. ఆ తర్వాత ఏది బాగుపడిందో, ఏది చెడిందో ఎవరికీ తెలియదు. పది మ్యాచ్‌లు ఒకే డెక్‌తో ఆడు. ఓడిన ప్రతి మ్యాచ్ రీప్లే బ్యాటిల్ లాగ్‌లో ఉంటుంది. టవర్ పడిన క్షణానికి పది సెకన్ల ముందు ఆపి చూడు. నీ టవర్‌ని కొట్టిన కార్డు ఏది? దానికి జవాబు అప్పుడు ఎక్కడుంది? డెక్‌లోనే లేకపోతే కార్డు మార్చాలి. డెక్‌లో ఉండి వరసలో వెనకుంటే, దాన్ని అంతకుముందు అనవసరంగా వాడావేమో చూడు. చేతిలో ఉండి ఎలిక్సిర్ లేకపోతే, దాడికి ఎక్కువ ఖర్చుపెట్టావు, డెక్‌ది తప్పు లేదు. ఎక్కువ ఓటములు మూడో రకానివే అవుతాయి, అప్పుడు కార్డులు మార్చడం దండగ. మొదటి రకం ఒకే ముప్పు దగ్గర మూడుసార్లు కనబడితే ఒక్క కార్డు మార్చు, మళ్లీ పది మ్యాచ్‌లు.

రాయల్‌ఏపీఐ లాంటి సైట్లలో కనబడే టాప్ ఆటగాళ్ల డెక్‌లు తెచ్చి పెట్టుకోవడం వల్ల వచ్చే కష్టం ఒక్కటే. ఆ డెక్ వాళ్ల ఎదురుగా ఉండే డెక్‌ల కోసం కట్టింది. నీ ఎదురుగా ఉండేది పక్క గదివాడి మెగా నైట్. మెగా నైట్ దూకేటప్పుడు నీ ట్రూప్‌లన్నీ ఒకే చోట ఉండకూడదు, కెనాన్‌తో మధ్యకి లాగి మస్కెటీర్‌ని దూరంగా ఉంచితే తక్కువ ఖర్చుతో తేలిపోతాడు.

2023 నుంచి వస్తున్న ఎవల్యూషన్ కార్డుల్లో (మామూలు కార్డుకి బలం పెంచిన రూపాల్లో) నీకు ఏదైనా దొరికితే స్కెలిటన్స్‌కో వాల్కిరీకో వాడు. ఆ కార్డు కొన్నిసార్లు వేశాకే ఎవల్యూషన్ రూపం వస్తుంది, చవక డెక్‌లో ఆ వంతు త్వరగా వస్తుంది. అది లేకపోయినా డెక్ నడుస్తుంది, దానికోసం కొనుగోళ్లు చేయొద్దు.

టోర్నీ పెట్టేవాళ్లను రెండు సంగతులు ముందే అడిగి పెట్టుకో. లెవెల్ క్యాప్ (కార్డుల లెవెల్‌కి పై హద్దు) ఎంత, మ్యాచ్‌ల మధ్య డెక్ మార్చొచ్చా లేదా. క్యాప్ ఉంటే లాగ్ తక్కువ లెవెల్‌లో ఉందన్న బెంగ తగ్గుతుంది. మార్చొచ్చంటే రెండో డెక్ స్లాట్‌లో టెస్లా ఉన్న రూపాన్ని సేవ్ చేసి ఉంచుకో. ఈలోపు పది మ్యాచ్‌లు ఆడి, ఓడిన వాటిలో టవర్ పడగొట్టిన కార్డుల పేర్లు, ఆ సమయానికి నీ ఎలిక్సిర్ ఎంతుందో ఇక్కడే రాయి, ఏది మార్చాలో అప్పుడు చూసి చెప్తాను.